తల ఊపే అలవాటు

2021 ఏప్రిల్ మొదట్లో మా సేఠ్ నన్ను మగ్గాల దగ్గర నుంచి తీసి వాడీ డ్యూటీలో వేశాడు. అప్పటికి నేను సూరత్‌లో పర్వత్ పాటియా దగ్గర ఒక పవర్‌లూమ్ ఖాతాలో మాస్టర్‌ని. ఖాతా అంటే ఇక్కడ మగ్గాల షెడ్డు. మాస్టర్ అంటే మగ్గాలు నడిపే కారీగర్లకు పైన, సేఠ్‌కు కింద ఉండేవాడు. మగ్గం ఆగితే నడిపించాలి, బట్ట చెడితే జవాబు చెప్పాలి. ఇక వాడీ అంటే పెళ్లిళ్లకు అద్దెకిచ్చే హాలు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు అందులో మంచాలు వేసి, ఆస్పత్రిలో చేర్చేంత జబ్బు లేనివాళ్లను ఉంచారు. ఒక వరుస నిండా మా ఖాతావాళ్లే. రోజూ పొద్దున వెళ్లి, ఎవరెలా ఉన్నారో, ఎవరు ఎప్పటికి పనిలోకి రాగలరో చూసి చెప్పడం నా డ్యూటీ. సేఠ్‌కు తెలియాల్సింది ఒక్కటే, ఎన్ని మగ్గాలు నడుస్తాయని.

అలాంటి ప్రశ్నలకు నేను పనికొస్తానని ఆయనకు తెలుసు. నా చదువు ఏడో తరగతితో ఆగింది. లెక్క మగ్గం పక్కనే నేర్చుకున్నాను. బట్ట మీద భూతద్దం పెట్టి అంగుళానికి ఎన్ని పేక పోగులు పడ్డాయో చూడాలి. నిమిషానికి మగ్గం వేసే పోగులను దాంతో భాగించాలి. నిమిషానికి నూట అరవై వేసే మగ్గం మీద అంగుళానికి అరవై పోగుల బట్ట నేస్తే గంటకు నాలుగు మీటర్లు రావాలి. వచ్చేది మూడుంబావు. ఆ తేడా ఎక్కడికి పోతోందో కనిపెట్టగలిగినవాడే మాస్టర్ అవుతాడు.

ఖాతాలో మాట వినబడదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా సగమే అందుతుంది. అందుకని అక్కడ అందరూ పెదాలు చూసి మాట పట్టుకుంటారు, మిగతాది చేతులతో చెప్పుకుంటారు. చిటికె పట్టి వేళ్లు విడదీస్తే పడుగు పోగు తెగిందని. రెండు పిడికిళ్లను ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి, ఖాళీ అరచెయ్యి చూపిస్తే బీము అయిపోవస్తోందని. బీము అంటే పడుగు చుట్టిన పెద్ద రోలు. అది అయిపోయాక చెబితే లాభం లేదు. కొత్తది ఎక్కించి పోగు పోగూ కలపడానికి ఒక పూట పడుతుంది కాబట్టి ముందే చెప్పాలి.

వీటితోపాటు ఎవరూ నేర్పకుండానే వచ్చే అలవాటు మరొకటి ఉంది. అది తల ఊపడం. ఒక్కో కారీగర్ ఎనిమిది మగ్గాలు చూస్తాడు. మాస్టర్ దూరం నుంచి ఏదో అంటాడు, అర్థం కాదు. దగ్గరికొచ్చి అడిగేలోగా వెనక రెండు మగ్గాల మీద పోగులు తెగుతాయి. అందుకని తల ఊపేసి, పక్కవాడు ఏం చేస్తున్నాడో చూసి తానూ అదే చేస్తాడు. చాలాసార్లు సరిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఊపు ఇంటికీ వస్తుంది, బజారుకూ వస్తుంది.

రాజమల్లుది సిరిసిల్ల వైపు. నాకంటే పెద్దవాడు, నేను అన్నా అనేవాడిని. ఖాతాలో నన్ను మాస్టరూ అని, బయట తమ్మీ అని పిలిచేవాడు. అతని చెవులు దాదాపు పోయాయి. కానీ ఎవరూ వినలేని చోట చెవిటితనం బయటపడదు. అక్కడ అతను అందరికంటే ముందే మాట పట్టుకునేవాడు, ఎందుకంటే పెదాలు చదవడంలో అతన్ని మించినవాడు లేడు.

వాడీలో పెదాలు కనబడవు. నర్సు హీనాబెన్ రెండు మాస్కులు వేసుకుని, మొహానికి ప్లాస్టిక్ షీల్డ్ తగిలించుకుని తిరిగేది. మంచం మంచం దగ్గరా ఆగి అవే ప్రశ్నలు వేసేది. తిన్నావా, నిద్రపట్టిందా, బోర్లా పడుకున్నావా, నాలుగడుగులు నడిచి ఆక్సిజన్ చూసుకున్నావా అని. రాజమల్లు అన్నింటికీ తల ఊపేవాడు. అతన్ని చూసి పక్క మంచంలో ఉన్న మా శంకర్‌కు నవ్వొచ్చేదట. ‘ఈ కాకా ఒక్కడే మంచి పేషెంటు’ అని ఆమె అనేదట.

ఒక పొద్దున నేను పెరట్లో, మూసిన అద్దాల కిటికీ అవతల నిలబడ్డాను. లోపలికి మమ్మల్ని రానిచ్చేవారు కాదు. రాజమల్లు నన్ను చూసి మంచం మీద కూర్చున్నాడు. రెండు పిడికిళ్లు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పాడు. తర్వాత ఖాళీ అరచెయ్యి చూపించాడు.

నేను తలుపు దగ్గరికి వెళ్లి హీనాబెన్‌ను పిలిచాను. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ తొంభై నాలుగు ఉందని, నడిచాక కూడా చూసుకున్నానని అతనే చెప్పాడని ఆమె అంది. నోటితో చెప్పాడా, తల ఊపాడా అని అడిగాను. ఆమె వెంటనే లోపలికి వెళ్లింది. చెయ్యి పట్టుకుని అతన్ని వరుస చివరిదాకా నడిపించి తీసుకొచ్చింది. వేలికి తగిలించిన మిషన్ మీద ఎనభై ఆరు చూపించింది. మగ్గం బాగుందో లేదో ఆగి ఉన్నప్పుడు తెలియదు. అది నాకు కొత్త సంగతి కాదు, ఆమెకూ కొత్త కాదు. నడిపించే పరీక్ష ఆమె రోజూ అడుగుతున్నదే. అతను వినకుండానే ఒప్పుకుంటున్నాడు.

అంబులెన్సు మధ్యాహ్నం దాటాక వచ్చింది. ఆస్పత్రిలో వెంట మనిషిని ఉండనివ్వరని డ్రైవర్ ముందే చెప్పాడు. ఇతనికి వినబడదు, ఆ సంగతి లోపలివాళ్లకు చెప్పమని అతనికి రెండుసార్లు చెప్పాను. గేటు దగ్గర చెబుతానన్నాడు. తలుపు వేశాక కిటికీ అద్దం దగ్గరికి వెళ్లి నా మాస్కు కిందికి దించాను. ఖాతాలో మాట్లాడినట్టే, గొంతు లేకుండా, పెదాలు విడివిడిగా కదిలించి చెప్పాను.

“అన్నా, సమజ్ గాకుంటే తల ఊపకు. చెయ్యి లేపు.”

రాజమల్లు తల ఊపాడు.

ఆ వారంలోనే పోయాడు. ఆస్పత్రి ఫోన్ నాకే వచ్చింది, ఎందుకంటే రాయించిన నంబరు నాది. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. మీ పేషెంటు ఏ ఇబ్బందీ పెట్టలేదు, అడిగిన ప్రతిదానికీ బాగానే ఉందన్నాడని చెప్పాడు. ఓదార్పుగా ఉంటుందనే ఆ మాట చెప్పి ఉంటాడు. గేటు దగ్గర డ్రైవర్ చెప్పాడో లేదో, చెబితే వార్డుదాకా చేరిందో లేదో నాకు తెలియలేదు. ముందే తెలిసినా బతికేవాడేమో కూడా తెలియదు. ఆ రోజుల్లో బాగా వినబడేవాళ్లు కూడా చాలామంది పోయారు.

అతని భార్య లచ్చవ్వ అప్పుడు అమ్రోలిలో కూతురింట్లో ఉంది. తాపీ నది దాటి వెళ్లి గడప బయటే నిలబడ్డాను.

“ఏంది మాస్టరూ, గట్ల నిలవడ్డవ్?” అంది. తర్వాత నా మొహం చూసి సంగతి గ్రహించింది. కూతురు ఏడుస్తుంటే పక్కన కూర్చోబెట్టుకుంది. వాడీలో అన్న వినకుండానే అన్నింటికీ తల ఊపిన సంగతి నేను చెప్పాక నాతో అంది.

“నాతోని గూడ గంతే మాస్టరూ. కూరల ఉప్పు ఎక్కువైందా అంటే ఊపుడే, తక్కువైందా అంటే ఊపుడే. మంచోడు, దేనికీ ఎదురు చెప్పడు అనుకున్న. ఇనవడకనే ఊపిండా ఏంది గిన్నేండ్లు?”

నా వైపు తిరిగి మళ్లీ అడిగింది.

“దవాఖాన్ల గూడ ఊపిండా?”

“ఊపిండు వదినా.”

మరుసటి రోజు నుంచి వాడీకి వెళ్లినప్పుడు నా డ్యూటీ మారింది. మార్చమని ఎవరూ చెప్పలేదు. కిటికీ దగ్గర మాస్కు దించి, మావాళ్లను ఒక్కొక్కరినే అడిగేవాడిని. చేతులతో వాళ్లు చెప్పింది తలుపు దగ్గర హీనాబెన్‌కు హిందీలో చెప్పేవాడిని. తల ఊపినవాణ్ని వదిలేది లేదు, నేనేం అడిగానో తిప్పి చెప్పమనేవాడిని. అలా అడిగితే ఇంకో ఇద్దరు తాము బోర్లా పడుకోవడం లేదని చెప్పారు. ఎందుకు పడుకోవాలో వాళ్లకు తెలియదు. హీనాబెన్ కూడా కిటికీ దగ్గరికొచ్చి బీము అయిపోయే సైగ నేర్చుకుంది. సేఠ్ ఫోన్ చేసి ఎన్ని మగ్గాలు నడుస్తాయని అడిగితే, ఇప్పుడే చెప్పలేనన్నాను. నా నోటి నుంచి ఆయన ఆ మాట వినడం అదే మొదలు.

ఖాతా మళ్లీ పూర్తిగా నడిచాక అక్కడా అదే పెట్టాను. నేను చెప్పింది కారీగర్ చేతులతో తిప్పి చెప్పాలి. చెప్పలేకపోతే నేనే అతని మగ్గం దగ్గరికి వెళ్లాలి. మొదట్లో నవ్వారు. “మాస్టర్ ముసలితనంల బడి వెట్టిండు. అ అంటే అ అనాలె” అని శంకర్ అందరి ముందూ అన్నాడు. కొన్ని వారాల తర్వాత, నేను చెప్పింది అర్థం కాక చెయ్యి పైకి లేపింది కూడా అతనే.

మరో ఏడాది పని చేసి మానేశాను. ఇప్పుడు యాభై ఆరేళ్లు. నా చెవులు నాకంటే ముందే రిటైరయ్యాయి. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను లెక్కల గురించి అడుగుతారు. లెక్క ఎవరికైనా వస్తుంది. అవతలివాడు అవునన్నప్పుడు దేనికి అవునన్నాడో తెలుసుకోవడం మాస్టర్ పనిలో భాగమని మాత్రం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. దానికి సమయం పడుతుంది, ఉత్పత్తి తగ్గుతుంది. మా ఖాతాలో గంటకు మూడుంబావు మీటర్లు కాస్తా మూడుకు దగ్గరపడింది. ఆ తేడా ఎక్కడికి పోతోందని సేఠ్ అడిగాడు. రెండోసారి అడగడానికి పోతోందని చెప్పాను.