బందరు గుల్లలు, నాయనమ్మ సున్నం

ఆ రోజుల్లో ఉద్యోగం దొరికిన కుర్రాడు తాను చేసే పనేమిటో ఇంట్లోవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పగలిగేవాడు. బళ్లో పంతులనో, తాలూకా ఆఫీసులో గుమాస్తా అనో అంటే సరిపోయేది. నాకా అదృష్టం లేకపోయింది. పందొమ్మిదివందల అరవై దాటిన కొత్తల్లో, ఒక పెద్ద కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే మాస్టారి దగ్గర సహాయకుడిగా చేరాను. పని, పాత గుల్లలు ఏరడం. జగ్గయ్యపేటలో మా వీధివాళ్లు మీవాడేం చేస్తున్నాడండీ అని అడిగితే మా నాన్న దగ్గు తెచ్చుకునేవాడు.

మాస్టారి ఆలోచన మాత్రం గొప్పది. గుల్ల పెరిగేటప్పుడు సున్నాన్నీ ప్రాణవాయువునీ సముద్రపు నీళ్లలోంచే తీసుకుంటుంది. ఆ ప్రాణవాయువులో తేలికది ఒకటి, బరువుది ఒకటి ఉంటాయి. నీళ్లు చల్లగా ఉంటే బరువుది కాస్త ఎక్కువగా గుల్లలోకి చేరుతుంది. అందుకని వేల ఏళ్ల నాటి గుల్లను పట్టుకుని ఈ రెండింటి పాళ్లూ తేల్చగలిగితే, అది బతికిన కాలంలో సముద్రం ఎంత వెచ్చగా ఉండేదో చెప్పవచ్చు. తేల్చే యంత్రం మన దగ్గర లేదు, పైదేశంలో ఉంది. బందరు దగ్గర ఒక ఊళ్లో నుయ్యి తవ్వుతుంటే మట్టి పొరల్లో గుల్లలు పడుతున్నాయని తెలిసి, వేసవంతా నేను ఆ గట్టు మీద కూర్చుని పొరకో గుడ్డసంచి నింపాను. (తవ్వేవాళ్లు నన్ను మతి చెడినవాడనుకుని జాలిపడి మజ్జిగ పోసేవాళ్లు.) తర్వాత ఆ నూతికి రాయి కట్టేశారు కనుక ఇక అక్కడ దొరికేది లేదు. మాస్టారు వేదాద్రిలో మొక్కు తీర్చుకుని జగ్గయ్యపేట వస్తానని, నా దగ్గర సంచులు తీసుకుని హైదరాబాదు బస్సెక్కుతానని, అక్కడ పైదేశానికి ఓడ ప్రయాణం పెట్టుకున్న స్నేహితుడికి అప్పజెపుతానని చెప్పారు. ఆయన ఏళ్ల తరబడి పెంచుకున్న ఆశ, నా కొత్త ఉద్యోగం, రెండూ ఆ సంచుల్లోనే ఉన్నాయి.

ఇక మా నాయనమ్మ. మా ఊరి చుట్టూ ఎక్కడ చూసినా సున్నపురాయే. కానీ ఆ రాతిసున్నం ఆమె నోటికి పడేది కాదు. తమలపాకు వేసుకున్న ప్రతిసారీ నోరు పొక్కేది. నేను బందరు వైపు తిరుగుతున్నానని తెలిసిన దగ్గర్నుంచీ సముద్రపు గుల్లలు పట్రమ్మని, తానే కాల్చి గుల్లసున్నం చేసుకుంటానని చెబుతూనే ఉంది. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. (ఊఁ కొట్టడానికి పోయేదేముంది?) సంచులు తెచ్చి వెనక గదిలో పెట్టి, నందిగామలో మేనత్తకు ఒంట్లో బాగాలేదంటే చూడ్డానికి వెళ్లాను. ఆవిడ అన్నం పెట్టిందాకా కదలనివ్వలేదు, పెట్టాక పడుకోమంది. మర్నాటికి గానీ ఇంటికి చేరలేదు.

వచ్చేసరికి పెరట్లో పిడకల బూడిద. దండెం మీద నా గుడ్డసంచులన్నీ ఉతికి ఆరేసి ఉన్నాయి. గుల్లల్ని కడిగి, పిడకలూ ఊకా పేర్చి, కాల్చి, నీళ్లు చల్లి, విరిసిన పొడిని వస్త్రగాలితం పట్టి, కొత్త కుండలో మెత్తటి సున్నం చేసిపెట్టింది నాయనమ్మ. ఏ పొర ఎంత లోతుదో నేను రాసిపెట్టిన చీటీలు ఒక్కటీ పోనివ్వకుండా గూట్లో భద్రం చేసింది. వీధిలో నలుగురికి అప్పుడే తలా కాస్త పంచింది కూడా.

"నువ్వు తెస్తావనుకోలేదురా" అంది. "మీ నాన్ననడిగా, మీ బాబాయినడిగా. ఊఁ అన్నారు, మర్చిపోయారు. నువ్వొక్కడివే గుర్తు పెట్టుకున్నావు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. చివరికి బాగా కాలిందా నాయనమ్మా అని అడిగాను.

మర్నాడు బస్టాండులో, నుదుట వేదాద్రి కుంకుమతో దిగిన మాస్టారికి జరిగింది చెప్పాను. మాస్టారు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు, ఆ రోజు చూస్తానని ఆశా లేదు. ఆయన మెల్లగా బల్ల మీద కూర్చున్నారు. ఒక్కటీ మిగల్లేదా అన్నారు. లేదన్నాను. ఆ సున్నం పంపినా పనికిరాదా అండీ అని అడిగాను.

"పంపొచ్చు. మీ నాయనమ్మ పెట్టిన మంట ఎంత వేడో తెలుస్తుంది" అన్నారు.

అది హాస్యం కాదు, శాస్త్రం. ఇద్దరమూ నవ్వలేదు. ఆవిడకి చెప్పావా అన్నారు. చెప్పలేకపోయానన్నాను. ఎండగా ఉంది, మీ ఇంట్లో మంచినీళ్లు తాగి వెళ్తాను పద అన్నారు. దారి పొడుగునా నా ఉద్యోగం సంగతి మరిచిపోయాను. ఈయన ఆమెతో ఏమంటారో అన్న దిగులే పట్టుకుంది.

నాయనమ్మ మంచినీళ్లిచ్చి, ఆకుకు తానే సున్నం రాసి, వక్కపలుకులు పెట్టి పళ్లెంలో తెచ్చింది. "మావాడు సముద్రం దాకా పోయి నా కోసం మోసుకొచ్చాడండి మాస్టారూ. కాస్త వేసుకుని చూడండి" అంది.

మాస్టారు నావైపు చూశారు. నేను నేల చూశాను. ఆయన ఆకు చేతిలోకి తీసుకుని, ఆ తెల్లటి గీతను కాసేపు పరీక్షగా చూసి, మడిచి నోట్లో పెట్టుకున్నారు. తన పరిశోధనను తానే నములుతున్న మనిషిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. నెమ్మదిగా, పూజలో కూర్చున్నట్టు నమిలారు.

"చాలా బాగుందమ్మా" అన్నారు. "ఇంత పాత గుల్లల సున్నం ఎవరికీ దొరకదు."

బస్సెక్కేటప్పటికి ఆయన పెదవులు ఎర్రగా పండాయి. కిటికీలోంచి నన్ను దగ్గరికి పిలిచి, బందరు వైపు ఇంకెవరైనా నుయ్యి తవ్విస్తున్నారేమో కనుక్కోమన్నారు.

"ఈసారి ఆవిడకి వేరే సంచి కట్టు" అన్నారు.

కట్టాను. ఆమె సంచి ఆమెకు అందింది. మిగతావి ఓడెక్కడానికి, సముద్రం సంగతి తేలి కబురు రావడానికి ఏళ్లు పట్టింది, అప్పటికి నాయనమ్మ లేదు. ఉద్యోగం దిగిన ఈ వయసులో, ఆ రోజు పెరట్లో నోరు తెరిచి మూసుకున్న కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడు భయపడి మూసుకున్నాడే తప్ప మంచీ చెడూ ఆలోచించి కాదు. అయినా ఇన్నేళ్ల కొలువులో నేను అంతకన్నా మంచి పని చేసిన గుర్తు లేదు.