సగం ధరకు క్రీస్తు

దేవుణ్ణే బేరమాడి సగానికి దించినవాణ్ణి బందరు బజారు మొత్తమ్మీద నేనొక్కణ్ణే. అంత గొప్ప బేరం ఇంకెవరూ చేసినట్టు ఇప్పటికీ వినలేదు.

మాది ఇనప రేకుల కొట్టు. పుట్టుకతో క్రైస్తవులమే గానీ, పాతికేళ్ళొచ్చినా నేను బాప్తిస్మం తీసుకోలేదు. ఏ సరుకునైనా మొదటి మాటకే పుచ్చుకోవడం మా ఇంట్లో తలవంపులు. ఈలోగా గుడివాడ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న దివిసీమ అమ్మాయి సంబంధం వచ్చింది. ఎంతగా నచ్చిందంటే, ఆ నెలలో మూడుసార్లు పని కల్పించుకుని గుడివాడ బస్సెక్కాను. వాళ్ళది ఒకటే షరతు: పెళ్ళికి ముందు బాప్తిస్మం.

పాస్టరు గారి దగ్గర కూర్చున్నాను. క్రీస్తు మంచివాడు, గొప్ప గురువు, అంతవరకు ఒప్పుకుంటానన్నాను. దేవుడనీ, చచ్చి లేచాడనీ అంటే కుదరదన్నాను. రక్షణ మాత్రం పూర్తిగా కావాలన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. చర్చి కప్పు కారుతోందని నాకు తెలుసు. రేకుల ప్రస్తావన తెచ్చాను.

"నీళ్ళలో దిగాక నేనడిగినదానికి ఔననండి, చాలు," అన్నారు పాస్టరు గారు, పైకప్పు వంక చూస్తూ.

బేరం కుదిరాక నోరు మూసుకోవాలి. మా బజారువాళ్ళకి అది చేతకాదు. ఎంతకి దించామో పక్క కొట్టుకి చెప్పందే కాఫీ గొంతు దిగదు. నేను ఏకంగా ఆ అమ్మాయికే చెప్పాను, వాళ్ళింటి అరుగు మీద, పెద్దలు లోపల పెళ్ళి తేదీ మాట్లాడుకుంటుండగా. నవ్వుతుందనుకున్నాను.

"మంచివాళ్ళు మా వార్డులోనూ ఉన్నారండీ," అంది. "మా డాక్టరు గారిది బంగారంలాంటి మాట. ప్రాణం పోతుంటే ఆయనా, నేనూ మంచం పక్కన నిలబడి చూస్తాం."

"అదీ సాయమే కదండీ," అన్నాను, ఇంకో అర్ధణా తగ్గుతుందేమో అన్నట్టు.

"సాయమే. కానీ పోయేవాళ్ళు అడిగేది అది కాదండీ. నాతో వస్తావా అంటారు. నేను వెళ్ళలేను, వెళ్తే తిరిగి రాలేను. వెళ్ళి వచ్చినవాడొకడు మీతో ఉన్నాడని చెప్తాను. మీ లెక్కన ఇన్నాళ్ళూ వాళ్ళకి అబద్ధం చెప్పినట్టేగా?"

ఔను, వెళ్ళొచ్చాడు అని ఒక్క అబద్ధమాడితే సరిపోయేది. రేకులిచ్చి మరీ పాస్టరు గారి ముందు ఆడబోయిన అబద్ధమే. ఆమె ముఖం చూస్తూ ఆడలేకపోయాను. ఆమె లోపలికి వెళ్ళి, ఈ పెళ్ళి వద్దని తండ్రికి చెప్పింది.

ఇక బిల్లు. రేకులు మాట ప్రకారం ఇచ్చాను. చర్చి కారడం లేదు. బాప్తిస్మం తీసుకోలేదు. అమ్మాయి వేరొకరిని చేసుకుంది. సగం క్రీస్తు నా దగ్గరే ఉన్నాడు; మంచివాడే, ఏ పూటా ఇబ్బంది పెట్టడు. నిరుడు నాన్న పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నాతో వస్తావట్రా?" అన్నాడు. పక్కనే కూర్చున్నాను. చెప్పడానికి నా దగ్గర సరుకు లేదు. నేను వద్దన్నది ఆ వెళ్ళొచ్చిన సగమే.