దోటికి అందని బూరుగు మొగ్గలు

పోయినేడు కొల్లేరు గట్టున వంటలు చేసే మేరీ గారి దగ్గర మాంసం కూర తిన్నాను. "ఆ వాసన అడవి మరాటి మొగ్గదండి, కొట్టు సరుకు కాదు" అన్నారావిడ. మరాటి మొగ్గంటే బూరుగు చెట్టు లేత కాయను ఎండబెట్టినదే. అది ఏ ఊరి నుంచి వస్తుందో కనుక్కుని, వెళ్లి చూసి, దారితో సహా ఈ బ్లాగులోనే రాశాను. చాలామంది చదివారు. నేనూ తెగ మురిసిపోయాను. ఈసారి ఆ ఊళ్లో బూరుగు దూది తలగడలు కొందామని మళ్లీ బయల్దేరాను.

ఏప్రిల్ చివరి వారం. తాడేపల్లిగూడెంలో ఉదయం ఆరున్నరకు బస్సెక్కితే తొమ్మిది లోపే జంగారెడ్డిగూడెంలో దిగాను. బస్టాండు పక్కన ప్లేటు ఇడ్లీ ముప్పై రూపాయలు. అక్కడి నుంచి అడవి అంచుదాకా ఆటోకి రానూపోనూ ఏడొందలు. పామాయిల్ తోటలు దాటాక డ్రైవర్ శ్రీను వెనక్కి తిరిగి, "మొగ్గలకేనాండీ? ఒక్కటీ మిగల్లేదండి. మార్చిలోనే బయటి వ్యాపారులు వ్యాన్లేసుకొచ్చి ఊడ్చుకుపోయారండి" అన్నాడు.

ఊరి చివర నాకు తెలిసిన ఆరు బూరుగు చెట్లూ మోళ్లై నిలబడ్డాయి. మాను నిండా ముళ్లు కదా, ఎక్కడం కష్టం. అందుకని కొమ్మలకు కొమ్మలే రంపంతో కోసి కింద పడేసి, కాయలు ఏరుకుపోయారు. తలగడలు కుట్టి అమ్మే సీతమ్మ గారు వాకిట్లో ఉత్త గలీబులు మడతపెడుతున్నారు.

"మేం కింద నుంచి దోటి కర్ర అందినంతవరకే కోసేవాళ్లమండి. పైవి ముదిరి పగిలితే దూది మాకు, గింజ నేలకి. గింజే రాలకపోతే కొత్త మొక్క ఎక్కణ్ణుంచి వస్తుందండీ? ఏడాదంతా నా తిండి ఈ దూదేనండి. ఇప్పుడు తోటకి కూలికెళ్తున్నాను" అన్నారు.

"వాళ్లకి ఈ చోటు ఎవరు చెప్పారండీ?" అని అడిగాను, తెలిసి కూడా.

"ఎవరో ఫోన్లో రాశారంటండి."

"అది రాసింది నేనేనండి" అన్నాను.

ఆవిడ చేతిలోని గలీబు పక్కన పెట్టారు. "మంచికే రాసుంటార్లెండి. ఎండనపడి వచ్చారు, కాసిని మంచినీళ్లు తాగండి" అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి పాత టపా తీసేశాను. కానీ ఆ దారి వివరాలు అప్పటికే ఎవరెవరో తమ పేజీల్లో పెట్టుకున్నారు, వాటిని చెరపడం నా చేతుల్లో లేదు. మోళ్లు మళ్లీ చిగురిస్తాయని శ్రీను అన్నాడు. చిగురిస్తాయేమో. అవి కాపుకొచ్చేదాకా సీతమ్మ గారు బతికేదెలాగో నాకు తెలియదు. చెట్టు మీద ఇష్టంతోనే రాశానని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను గానీ, మనసు ఒప్పుకోలేదు.

అటువైపు వెళ్లేవారికి ఒక్క సలహా. ఎండ ముదరకముందే చేరేలా పొద్దుటి బస్సు పట్టుకోండి. పండి పగిలిన కాయల దూది దొరికితే కొనండి, మొగ్గలు మాత్రం అడక్కండి. ఊరి పేరు నన్నూ అడక్కండి, ఈసారి చెప్పను.