నేను ఎర్ర స్టిక్కరు వేసిన మూడు ట్రేలు

గల్ఫ్‌లో, మబేలాలోని మా వర్క్‌షాపులో టర్మినేషన్లు తయారయ్యేవి. బొటనవేలంత ముక్కలు. సెల్‌ఫోన్ టవర్ మీద కేబుల్ చివర బిగిస్తే, వచ్చిన సిగ్నల్‌ను వెనక్కి తిరగనీయకుండా మింగేస్తాయి. రెండువేల ఎనిమిది ప్రాంతంలో వాటికి సోల్డరింగ్ చేసేది కడప నుంచి వచ్చిన ఒకాయన. నెట్‌వర్క్ ఎనలైజర్ మీద పరీక్షించి పాసో ఫెయిలో తేల్చేది నేను.

ఒక వారం ఆయన ఇచ్చిన మూడు ట్రేలూ ఫెయిలయ్యాయి. అన్నిటికీ ఎర్ర స్టిక్కర్లు వేశాను.

"అన్నీ ఒకే తీరుగా ఎట్ల పోతాయి సార్? తూకంరాయి తప్పైతే బియ్యాన్ని తిట్టి ఏం లాభం? ఇంకో లోడ్ పెట్టి చూడు, నీకు దండం పెడతా" అన్నాడు.

తూకంరాయి అని ఆయన అన్నది, రోజూ డ్యూటీ మొదట్లో ఎనలైజర్‌ను సరిచేసే నమూనా లోడ్‌ని. మిషన్ దాన్నే సత్యమని నమ్మి మిగతావాటిని కొలుస్తుంది. కొత్తది సీలు విప్పకుండా నా బీరువాలోనే ఉంది.

"సోల్డరింగ్ ఐరన్ పట్టుకునేవాడివి, నాకు కాలిబ్రేషన్ నేర్పుతావా?" అని పాత లోడ్‌నే మళ్లీ బిగించాను. తెర మీద గీత అడుక్కి పడింది, అంటే సిగ్నల్ వెనక్కి రావడం లేదని. "చూడు, ఎంత బాగుందో!"

ఏ రాయితో త్రాసు సరిచేశామో ఆ రాయినే తూస్తే తేడా ఎలా కనిపిస్తుంది? ఆ సంగతి నాకు తెలుసు. పదిమందిలో ఆయన మీద గెలవాలనిపించింది, అంతే.

మేనేజర్ నా రిపోర్టు చూసి "ఖలాస్" అన్నాడు. కడపాయన వీసా క్యాన్సిలయింది.

కొన్నాళ్లకు కొత్తగా వచ్చినవాడి ముక్కలూ అలాగే ఫెయిలయ్యాయి. అప్పుడు బీరువాలోని కొత్త లోడ్ సీలు విప్పి బిగించాను. అన్నీ పాసయ్యాయి. పాత లోడ్ లోపలి పిన్ను అరిగిపోయి ఉంది. బిగించేటప్పుడు నట్టు మాత్రమే తిప్పాలి. తొందరలో నేను లోడ్ మొత్తాన్నీ తిప్పేవాణ్ని. కడపాయన ట్రేలూ పరీక్షించాను. ఒక్కటీ చెడ్డది కాదు. ఎర్ర స్టిక్కర్లు గోటితో గీకి, వాటినీ కొత్తవాడి పనిగానే పంపించేశాను. మేనేజర్ వాడి భుజం తట్టాడు. నేను పక్కన నిలబడి నవ్వాను.

తర్వాత కడప నుంచి ఫోనొచ్చింది. "సార్, దుబాయ్ కంపెనీవాళ్లకు నీ నెంబరిచ్చినా. నన్ను పొగడాల్సిన పన్లేదు. ఉండేది చెప్పు, సాలు."

వాళ్లు అడిగారు: "అతని పని ఫెయిలయిందట కదా?"

"రికార్డులో అలాగే ఉందండీ" అన్నాను.

నిజం చెప్పడానికి అర నిమిషం పట్టేది. రికార్డు రాసింది ఎవరని వాళ్లు అడగలేదు. నేనూ చెప్పలేదు.