ఒకటి, పది, పదకొండు... ఆ తర్వాత రెండు

పాప పుట్టినప్పుడు పీహెచ్‌డీ పరిశోధనకు తీసుకున్న అదనపు గడువు ఆ నెలతో అయిపోతోంది. పల్లికాయ దిగుబడుల అధ్యాయం సోమవారంలోగా చేరకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుందని మా గైడ్ మెత్తగానే, రెండుసార్లు చెప్పారు. నేను వనపర్తిలో అత్తగారింట్లో, పది నెలల పాపతో, ఒక పాత కంప్యూటర్‌తో ఉన్నాను.

లెక్క నిజానికి అయిపోయింది. మా వైపు పద్నాలుగు మండలాల్లో ఎకరానికి ఎంత పండుతుందో బేసియన్ పద్ధతిలో అంచనా కట్టాను. ఆ పద్ధతి ఒక్క జవాబుతో వదలదు. ప్రతి మండలానికీ ఇంత ఉండొచ్చు, కాదు ఇంత ఉండొచ్చు అంటూ వేల అంకెలు ఇస్తుంది. వాటిని పోస్టీరియర్ శాంపిళ్ళు అంటారు. లెక్క వేసే ప్రోగ్రాం వాటన్నిటినీ ఒకే పొడవాటి వరుసగా ఒక ఫైలులో పోసి, ఏ లైను నుంచి ఏ లైను దాకా ఏ మండలానిదో ఇంకో ఫైలులో చెబుతుంది. బొమ్మ గీసే ప్రోగ్రాంకేమో మండలానికొక నిలువు వరుస కావాలి. ఒకరి రాత ఒకరికి చదవరాదు. మధ్యలో నేను.

మూడు రోజులు ఆ మార్పిడికే పోయాయి. కరెంటు పోయేది, వచ్చాక మళ్ళీ మొదటి నుంచి. పాపకు పళ్ళు వస్తున్నాయి, ఒళ్ళో కూర్చుని కీబోర్డు అంచు కొరికేది. చివరికి పట్టిక తయారైంది. మొదటి వరుస అమ్రాబాద్‌ది. అసలు ఫైలుతో పోల్చి చూస్తే సరిపోయింది. బొమ్మ గీసి, బస్టాండు దగ్గరి నెట్ సెంటర్ నుంచి సార్‌కి పంపాను. మర్నాడు ఆయనే ఫోన్ చేశారు.

“పాన్‌గల్ చూశావా అమ్మా? మెట్ట మండలం అంత పైన ఉంది! అధ్యాయమంతా దాని చుట్టే రాయి.”

సంతోషం పట్టలేక, వంటింట్లో కూరగాయలు తరుగుతున్న అత్తమ్మకు చెప్పాను. ఆమె పుట్టిల్లు పాన్‌గల్. పెళ్ళిదాకా ఆ చేలల్లోనే పల్లికాయ పీకింది.

“అత్తమ్మా, మన దిక్కు మీ పాన్‌గల్లనే పల్లికాయ మస్తు పండుతదంట.”

“ఎవడన్నడే?”

“నా లెక్క.”

“నీ లెక్క పాన్‌గల్ ఎన్నడన్న పోయిందా? ఆడ వానకోసం మొగులు దిక్కు జూసుకుంట ఇత్తనమేస్తరు. గంత పంట గద్వాల దిక్కు కాల్వ కింద తీస్తరు. గిట్ల చెప్తె మా అన్న నవ్వుతడు.”

“వేల అంకెలు తీసి జూసిన అత్తమ్మా!”

“తీస్తె తియ్యి. పిల్ల గడప దాటుతున్నది, జర పట్టుకో.”

కోపమొచ్చింది. ఆమె మాట తప్పని చూపించడానికే పాన్‌గల్ అంకెల్ని అసలు ఫైలులో వెతికాను. నా పట్టికలో ఉన్నవి అక్కడ లేవు. పాన్‌గల్ నా జాబితాలో రెండోది. దాని పేరు కింద ఉన్నవి పదో మండలం అంకెలు. పదోది గద్వాల.

మార్పిడిలో ప్రోగ్రాం వరుసలకు పేర్లుగా ఉన్న అంకెల్ని విలువను బట్టి కాక, నిఘంటువులో మాటల్లా మొదటి గుర్తును బట్టి అమర్చింది. ఒకటి తర్వాత పది, పదకొండు, అలా పద్నాలుగు దాకా పోయి, అప్పుడు రెండుకొచ్చింది. నేనేమో పైన మండలాల పేర్లు మామూలు క్రమంలో అతికించాను. అమ్రాబాద్ ఒక్కటే తన చోట ఉంది, నేను సరిచూసిందీ దాన్నే. అంతకుముందు ఏడాది తొమ్మిది మండలాలతో ఇదే పని చేసినప్పుడు తేడా రాలేదు. అందులో పది లేదు మరి.

తొమ్మిది దాకా ప్రతి అంకె ముందూ సున్నా పెట్టాను. పది నిమిషాల పని! కొత్త బొమ్మలో పాన్‌గల్ కిందెక్కడో, తిమ్మాజిపేట పక్కన కూర్చుంది. సార్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

“అయితే ఇప్పుడు కొత్తగా చెప్పేదేముంది?”

“ఏం లేదు సార్.”

“ఏం లేదనే రాయి. సోమవారం మాత్రం దాటొద్దు.”

అది శుక్రవారం. పాపను అత్తమ్మ చంకనేసుకుంది. ప్రతి మండలాన్నీ అసలు ఫైలుతో పోల్చుకుంటూ, టిక్కులు పెట్టుకుంటూ, పెట్టిన టిక్కుల్నే మళ్ళీ అనుమానిస్తూ రాశాను. సోమవారం మధ్యాహ్నం అధ్యాయం చేరింది, రిజిస్ట్రేషన్ నిలబడింది. తర్వాత వైవాలో దాని మీద ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మార్పిడికి పోయిన ఆ మూడు రోజుల మీద నాకింకా కోపంగానే ఉంది.