పగిలిన కంప్యూటర్లు

ఎనభైల చివర్లో సుబేదారిలోని మా ఆఫీసుకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. ఒక్కోదాన్ని సిద్ధం చేయడానికి నాకు పూటంతా పట్టేది. అందుకని కమాండ్లన్నీ వరుసగా రాసి ఒక ఫ్లాపీలో పెట్టాను. దాన్ని మెషీన్‌లో పెడితే చాలు, మిగతా పనంతా అదే చేసుకునేది.

మొదటిసారి నడిపినప్పుడు మా సీనియర్ టైపిస్టు నా వెనకే నిలబడి చూశాడు. ఆయనది నేతపనివాళ్లుండే కొత్తవాడ. పవర్‌లూమ్‌లు వచ్చాక వాళ్లింట్లో మగ్గం మూలపడింది.

"మనిషి ముట్టకుండనే అయితాందా?" అన్నాడు.

"అయితాందన్నా," అన్నాను గర్వంగా.

"అయితే ఇగ మా పని ఖతమే."

బయటికి వెళ్లి ఇనుప రాడ్డుతో వచ్చాడు. మొదటి దెబ్బకు స్క్రీన్ పగిలింది. అడ్డం వెళ్లిన నా చేతి మీద రెండోది పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నేను కింద పడ్డా ఆయన ఆగలేదు, మిగతా మెషీన్లనూ పగలగొట్టాడు. అటెండర్లు ఆయన్ని గోడకు అదిమి నెత్తురొచ్చేలా కొట్టారు. కొట్టొద్దని నేలమీది నుంచే అరిచాను. ఎవరూ వినలేదు.

దవాఖానలో ఇద్దరికీ పక్కపక్క మంచాలే దొరికాయి. ఆయన దగ్గర పోలీసు కూర్చున్నాడు.

"చెయ్యి బాగ నొస్తాందా తమ్మీ?" అని ఆయనే అడిగి, ముఖం అటు తిప్పుకొని ఏడ్చాడు.

కోర్టులో నేను ఆయనకు వ్యతిరేకంగా చెప్పలేదు. అయినా ఆయన ఉద్యోగం పోయింది.