సీడీ రేటు అడిగితే నేల చూసే చాచా

చాచా పోయారని శుక్రవారం పొద్దున ఆయన తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. "మధ్యాహ్నం నమాజ్ అయినంక మట్టి. వచ్చేదుంటే జల్దీ రా అమ్మా," అన్నాడు. మా మచ్చబొల్లారం నుంచి శామీర్‌పేటలో ఆయన ఇల్లు ఎంతో దూరం కాదు. అయినా ఆటోలో కూర్చున్నంతసేపూ నా గుండె పాత అలవాటుగా దడదడలాడింది. ఆయన దుకాణంలో పనిచేసిన రోజుల్లో ఒక వేసవి అంతా అలాంటి గుండెతోనే తిరిగాను. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతాను. ఆయన ఎలాంటి మనిషో అందులోనే ఉంది.

చాచా మేడ్చల్‌లో ఫోటో స్టూడియో నడిపేవారు. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలు, పసిపిల్లల ఫోటోలు. హిందువులూ ముస్లింలూ అని లేదు, బజారంతా ఆయన్ని చాచా అనే పిలిచేది. మాది గోదావరి వైపు నుంచి నాన్న ఉద్యోగం కోసం వచ్చి స్థిరపడ్డ కుటుంబం. నేను కంప్యూటర్ నేర్చుకుని, ఆల్బమ్‌లు తయారుచేసే పనికి ఆయన దగ్గర చేరాను. అప్పటికి ఆయన డిజిటల్ కెమెరా కొని ఏడాది కూడా కాలేదు.

రీలు కాలంలో ఆయనకు బాధ లేదు. నెగటివ్‌లు దుకాణంలోనే ఉండేవి. ఎవరికి ఇంకో ఫోటో కావాలన్నా మళ్లీ ఆయన దగ్గరికే రావాలి. డిజిటల్ వచ్చాక అందరిదీ ఒకటే మాట: "ఫోటోలన్నీ సీడీల ఎక్కించి ఇయ్యి." సీడీ చేతికిస్తే వాళ్లు ఎక్కడైనా ప్రింట్లు వేయించుకుంటారు, ఇక మన గుమ్మం ఎక్కరు. మరి దానికెంత అడగాలి? ఆ ప్రశ్న ఆయన్ని తినేసింది.

"కాయితానికి రేటుంటది బేటా. సైజు చూసి చెప్తం. కనవడని దానికి ఏం రేటు చెప్పాలె?" అనేవారు.

ఒకసారి ఫోటోకింత అన్నారు. ఒకసారి సీడీ మొత్తానికి ఐదు వేలన్నారు. ఎదురుగా కొత్త స్టూడియోవాళ్లు సీడీ ఫ్రీ అని బోర్డు పెట్టిన రోజు మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. మా రేట్ల అట్ట మీద కాగితం మీద కాగితం అతికించగా, చివరికి అది రొట్టెంత మందమైంది. "రేటు చెప్పేటప్పుడు నేల చూడొద్దు బేటా, గిరాకీ మన కండ్లే చూస్తది," అని నాకు చెప్పేవారు. తాను మాత్రం ఎప్పుడూ నేల చూస్తూనే చెప్పేవారు.

గుండ్లపోచంపల్లిలో జాకెట్లు కుట్టే ఒకావిడ ఉండేది. భర్త ఆటో నడిపేవాడు. వాళ్లమ్మాయి పెళ్లి మేమే తీశాం. ఆల్బమ్‌కి ఫోటోలు ఏరుకోవడానికి ఆవిడే వచ్చింది. అప్పగింతలప్పుడు భర్త తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్న ఫోటో ఒకటి తెర మీద కనబడగానే, "ఇది వద్దు. మొగోడు ఏడ్సుడు ఆల్బంల ఎందుకు?" అని తీసేయించింది. తర్వాత సీడీ రేటు అడిగింది. చాచా నేల చూస్తూ మూడు వేలన్నారు.

"బజార్ల పది రూపాయలకొస్తది గీ సీడీ. మూడు వేలేంది చాచా?" అని నవ్వి, ఆల్బమ్ చాల్లే అని వెళ్లిపోయింది.

మా దుకాణంలో ఒక నియమం ఉండేది. ప్రతి పెళ్లినీ రెండు సీడీల్లో రాసి పెట్టెలో దాచాలి, పుస్తకంలో టిక్కు పెట్టాలి. అది నా పని. ఆ వేసవిలో ముహూర్తాలు మీద పడ్డాయి. సాయంత్రం లోకల్ రైలు దొరకదనే కంగారులో, రేపు రాద్దాంలే అని నాలుగు పెళ్లిళ్లకు ఉత్త టిక్కులు పెట్టేశాను. ఆ రేపు రాలేదు. ఒకరోజు కంప్యూటర్ టక్ టక్‌మని కొట్టుకుని ఆగిపోయింది. ఫోటోలన్నీ ఉన్న లోపలి డిస్కు పోయింది.

"పరేషాన్ గాకు. సీడీలున్నయ్ గద," అన్నారు చాచా.

నేను టిక్కుల పుస్తకం మూసి అరలో పెట్టేశాను. కొత్త డిస్కు వేసి పనిలో పడ్డాం. దుకాణం మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, ఆ నాలుగు ఇళ్లలో ఎవరైనా వచ్చారేమోనని లేచి గుమ్మం వైపు చూసేదాన్ని. వాన కురిసి ఎవరూ రాని రోజు హాయిగా ఉండేది. అన్నం సహించేది కాదు. అమ్మ జ్వరమా అని నుదురు పట్టి చూసేది.

చివరికి ఆ జాకెట్లు కుట్టే ఆవిడే వచ్చింది. నుదుట బొట్టు లేదు. చాచా అది చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"పది దినాలయింది చాచా. ఆటోల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు," అంది. కొంగు ముడి విప్పి మూడు వేలు బల్ల మీద పెట్టింది. బేరం ఆడలేదు. "ఆ సీడీ ఇయ్యిరి. ఆయన ఏడ్సిన ఫోటో గావాలె."

చాచా పెట్టె తెరిచారు. వెతికారు. పుస్తకం తీసి టిక్కు చూశారు. తర్వాత తలెత్తి నన్ను చూశారు. ఆ ఒక్క చూపులో ఆయనకు అంతా తెలిసిపోయింది. ఇప్పుడు నా పేరు చెబుతారు, అయిపోయింది అనుకున్నాను.

"తప్పు నాది చెల్లె. మిషిని ఖరాబయింది. రెండో కాపీ రాయకుంట ఊకున్న. పదిహేను దినాలు టైమియ్యి," అన్నారాయన. డబ్బు తీసి మళ్లీ ఆవిడ చేతిలోనే పెట్టారు.

ఆవిడ వెళ్లాక నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. "ఏడిస్తే ఫైలు రాదు. ముందుగాల ఆ పాత డిస్కు ఎక్కడున్నదో తియ్యి," అన్నారు. దాన్ని ఉన్ని మఫ్లర్‌లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని నగరానికి తీసుకెళ్లారు. అలాంటివి బాగుచేసేవాడు అడిగినంత ఇచ్చారు. ఆ తర్వాత దుకాణంలో వీడియో లైట్లు రెండూ కనబడలేదు; ఏమైపోయాయో నేను అడగలేదు.

పన్నెండో రోజున కొన్ని ఫైళ్లు వచ్చాయి. పేర్లు లేవు, వరుస లేదు. ఒక్కొక్కటీ తెరుస్తూ పోయాను. చాలావాటిలో ఉత్త బూడిద రంగు. చాచా నా వెనక నిలబడి లోలోపల ఏదో చదువుకుంటున్నారు. మర్నాడు మధ్యాహ్నం ఆ ఫోటో తెరుచుకుంది. పై సగమే ఉంది. ఛాతీ కింద అంతా బూడిద రంగు.

"కండ్లున్నయ్. తువ్వాల ఉంది," అన్నారు చాచా. "కింద కోసెయ్. పెద్దగ ప్రింటు తీద్దాం."

దొరికినవన్నీ సీడీలో రాసి, ఆ ప్రింటు పట్టుకుని ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. ఆవిడ కుట్టు మిషను మీద గుడ్డలు పక్కకు నెట్టి ఫోటో అక్కడ పెట్టుకుంది. చాలాసేపు చూసింది.

"గీ తువ్వాల ఆ పొద్దు నేనే ఉతికిచ్చిన," అంది. తర్వాత, "ఎంతియ్యాలె చాచా?" అంది.

చాచా నేల చూశారు. "నాకు తెల్వది చెల్లె," అన్నారు. నిజంగానే ఆయనకు తెలియలేదు. ఆ తర్వాత ఆవిడ పోసిన చాయ్ తాగి వచ్చేశాం.

మర్నాడు ఆ మందపాటి అట్ట తీసి పారేశారు. ఇక ఫైళ్లకు విడిగా రేటు లేదు. పెళ్లి మాట్లాడేటప్పుడే కొంత ఎక్కువగా ఒకే రేటు చెప్పి, ఆల్బమ్‌తోపాటే సీడీ ఇచ్చేవాళ్లం. "ఫోటోలు మీయి. మీ ఇంట్ల ఒకటుంటేనే నాకు నిమ్మలం," అనేవారు గిరాకీతో. కొందరు రేటు విని ఎదురు స్టూడియోకి వెళ్లారు. మా దగ్గరే ఉండిపోయినవాళ్లతో దుకాణం నడిచింది. మిగిలిన మూడిళ్లకూ దొరికినంత మేం చేతికిచ్చి వచ్చాం. ఒక ఇంట్లో నానా మాటలన్నారు. చాచా నిలబడి అన్నీ విన్నారు.

ఆ టిక్కుల మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. నేనే ఒకసారి క్షమించమని మొదలుపెట్టాను. "నువ్వు టిక్కు పెట్టినవ్, నేను పెట్టె తెరిచి సూడలే. ఇద్దరం," అని తన పని చూసుకున్నారు.

ఆయన బతికుండగా నేను చివరిసారి చూసింది పోయిన నెల. బాగాలేదంటే వెళ్లాను. దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు, బాగా చిక్కిపోయారు. నేను తలుపు పక్క కుర్చీలో కూర్చుంటే కళ్లు చిట్లించారు.

"గట్ల చీకట్ల కూసుంటే మొకం ఏం కనవడ్తది? కిటికీ దిక్కు జరుగు."

జరిగాను. ఆయన రెండు వేళ్లు గాలిలో కొంచెం పైకి లేపారు. గడ్డం ఎత్తాను. వేళ్లు పక్కకు తిప్పారు. తిరిగాను.

"బస్. కదలకు," అన్నారు.

ఆయన చేతిలో ఏమీ లేదు. బయట ఎవరో బకెట్లో నీళ్లు పడుతున్నారు. ఎండ నా చెంప మీద పడింది. ఆయన ఒక కన్ను మూసి నన్ను చూస్తున్నారు. నేను ఊపిరి బిగబట్టి అలాగే కూర్చున్నాను.